ఆ బొమ్మలు 12 కాదు, 13

సంపాదకులకు నమస్కారాలు.

నల్లగొండలో ఈ మధ్య జరిగిన ఒక హస్తకళల ప్రదర్శన గురించి మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన చిన్న వార్తలో నేను రంగులు వేసిన ఆట బొమ్మల ప్రస్తావన కూడా ఉంది. అందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ‘ఒకే రంగు పూసిన 12 చిన్న బొమ్మలు’ అన్న ఆ వాక్యంలో రెండు పొరపాట్లు దొర్లాయి. బొమ్మలు 12 కాదు, 13. రంగు కూడా ఒకటి కాదు. మొదటి పొరపాటు మీ విలేకరిది కాదు. ఆయన వచ్చేసరికి బల్ల మీద ఉన్నవి 12 మాత్రమే. పదమూడో బొమ్మను నిర్వాహకులు గుంపులోంచి తీసి, విడిబొమ్మల బల్ల మీద పెట్టి, దానికొక్కదానికే ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. మిగిలిన వాటిని న్యాయనిర్ణేతల్లో ఒకరు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని, “అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, దేని మీదా శ్రద్ధ పెట్టినట్టు లేదు” అన్నారు. వార్తలోని మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

బహుమతి అందుకుని మళ్లీ ఈ ఫిర్యాదేమిటని పాఠకులు అనుకోవచ్చు. ఉద్యోగకాలమంతా ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసినవాడిని. వంకర గీత కనబడితే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. అన్నీ ఒక్క తీరుగా ఉండటమే ఆ బొమ్మల్లో నేను కష్టపడి సాధించిన గుణం. దాన్ని లోపంగా లెక్కించారు కాబట్టే ఇంత రాయవలసి వస్తోంది.

ఆ బొమ్మలు అలమరలో పెట్టుకోవడానికి చేసినవి కావు, ఆడుకోవడానికి చేసినవి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను తెచ్చారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవారు తలా ఒక పాత్ర తీసుకుని ఆ కథలో నడుస్తారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. యుద్ధం వచ్చినప్పుడు అంగుళం గళ్లు గీసిన పటం పరుస్తారు. ఒక గడి కథలో 5 అడుగులకు సమానం. ఆ గళ్లలో నిలబెట్టే మనిషి బొమ్మ ఎత్తు 28 నుంచి 32 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి పై కణుపంత. సెలవులకు వచ్చిన మా అబ్బాయి దీన్ని మా ఇంట్లో ప్రవేశపెట్టి తిరిగి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మనవడు, వాడి మిత్రులు మాత్రం ప్రతి ఆదివారం మా వసారాలోనే ఉంటున్నారు. వాళ్ల కథ ఇప్పుడు దేవరకొండ కోట శిథిలాల్లో నడుస్తోంది. కోట బురుజుల మధ్య దాక్కున్న దోపిడీ మూకకు రంగులు వేసే పని తాతకు అప్పజెప్పారు.

ఆ మూకను గోబ్లిన్లు అంటారు. పొట్టి ఒళ్లు, పొడుగు చెవులు, ఒంటరిగా పిరికితనం, గుంపులో తెగింపు. 2014 నాటి నియమాల ప్రకారం మామూలు గోబ్లిన్ ప్రాణబలం 7 పాయింట్లు. కత్తి వేటు గట్టిగా తగిలితే ఒక్క దెబ్బకే పటం మీంచి లేచిపోతాడు. అలాంటివాడి కనుబొమల మీద నేను రెండు రాత్రులు కూర్చోవడం అర్థం లేని పని. ఆడేవాడు బల్లకు మూరెడు దూరంలో కూర్చుని చూస్తాడు. ఆ చూపులో వీళ్లంతా ఒకే మూక అని, వీళ్లలో విల్లు పట్టినవాడు ఫలానా అని, నాయకుడు ఫలానా అని తెలిసిపోవాలి. ఈ మూడూ చెప్పలేని బొమ్మ విడిగా ఎంత ముద్దొచ్చినా ఆటకు పనికిరాదు.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కూడా కాదు. కాటమరాజు కథ చెప్పే మందెచ్చులు చేర్యాల నకాషీలు చేసిన బొమ్మలను పెట్టెలోంచి తీసి, జనం ముందు నిలబెట్టి కథ చెప్పేవారు. వెనక కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరు ఏ పక్షమో తెలియాలి కదా. చేర్యాల పటాన్ని చూసినవారికి మరో సంగతి గుర్తుండే ఉంటుంది: గజాల పొడవునా ఎన్ని ఘట్టాలు ఉన్నా, ఎంతమంది మనుషులున్నా, వాళ్ల వెనక పరుచుకున్న ఎర్రని నేల రంగు అందరినీ ఒకే కథలో కూర్చోబెడుతుంది. ఆ ఎరుపు లేకుండా అవే బొమ్మలను విడివిడిగా తెల్లకాగితం మీద వేయించి చూడండి, సంతలో తప్పిపోయినవాళ్లలా కనబడతారు.

ఇక ‘ఒకే రంగు’ అన్న మాట. నేను వాడినవి నాలుగు రంగు గొట్టాలు: ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, వెర్మిలియన్ ఎరుపు, నలుపు, తెలుపు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరు మీద చెప్పుకునే రంగుల పళ్లెం ఇది. డ్రాయింగ్ పరీక్షలకు చదివే రోజుల నుంచి నాకు అలవాటు. ఇందులో ఆకుపచ్చ లేదు, నీలం లేదు. కానీ ఓకర్‌లో నలుపు కలిపితే ఎండిన వేపాకు లాంటి పచ్చదనం వస్తుంది. గోబ్లిన్ల ఒంటికి అంతకన్నా తగిన రంగు ఏ దిగుమతి సీసాలోనూ నాకు దొరకలేదు. ఎరుపులో నలుపు, కొంచెం ఓకర్ వేస్తే తోలు రంగు. తెలుపు నలుపుల బూడిద రంగు ఈ వెచ్చని రంగుల పక్కన నిలబడగానే నీలం ఛాయ తెచ్చుకుని కత్తుల ఇనుములా కనబడుతుంది. కన్ను చేసే ఈ మోసం మీద ఆధారపడి సగం చిత్రకళ బతుకుతోంది. ఒంటి రంగులో ఉన్న ఓకరే తోలులోనూ ఉంది, గుడ్డలోనూ ఉంది. అందుకే బొమ్మలన్నీ ఒక ఇంటి పిల్లల్లా ఉన్నాయి. దుకాణంలో 20 సీసాల పెట్టె కొని, ప్రతి బొమ్మకూ నచ్చిన రంగు నచ్చిన చోట వేస్తే వచ్చేది తిరునాళ్ల గుంపే గానీ దోపిడీ మూక కాదు.

తక్కువ రంగులంటే తక్కువ శ్రమ అనుకునేవారు పుట్టపాక తేలియా రుమాలును ఒకసారి దగ్గరగా చూడాలి. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఆ ఊరు మన ఉమ్మడి నల్లగొండలోదే. నూనెలో నానిన నూలు, సంప్రదాయంగా ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మూడు రంగులే కదా అని ఆ నేతగాడి శ్రద్ధను ఎవరైనా శంకించారా?

ఇవన్నీ చెప్పినా, నా పని మొదట్లోనే చెడిపోయిందని ఒప్పుకోవాలి. రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో 3డి యంత్రంలో ముద్రించి తెచ్చిన ఆ బొమ్మలకు ముందుగా ప్రైమర్, అంటే అడుగుపూత, కొట్టాలి, లేకపోతే రంగు పట్టదు. నేను మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద నిలబడి కొట్టాను. మన ఎండ సంగతి తెలిసిందే. డబ్బాలోంచి వచ్చిన తుంపర బొమ్మను చేరేలోపే గాలిలో ఎండిపోయి, రవ్వ చల్లినట్టు మొహాలకు అంటుకుంది. ముక్కులూ వేళ్లూ గరుకు కింద మాయమైపోయాయి. స్పిరిట్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, అన్నిటినీ మళ్లీ మొదటికి తెచ్చేసరికి ఒక ఈటె విరిగింది. తర్వాత తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, జానెడుకు కాస్త ఎక్కువ దూరం నుంచి కొట్టాను. ముందు ఒళ్లంతా నలుపు. అది ఆరాక బొమ్మలన్నిటినీ ఒకే దిక్కుకు నిలబెట్టి, పైనుంచి ఏటవాలుగా తెలుపు. తల మీద, భుజాల మీద తెలుపు పడి, గడ్డం కింద, చంకల్లో నలుపు మిగులుతుంది. దాని మీద పల్చని రంగు వేస్తే వెలుగునీడలు తమంతట తామే తేలుతాయి. అందరి మీదా ఎండ ఒకే వైపు నుంచి పడితేనే వాళ్లంతా ఒకే చోట నిలబడి ఉన్నారని కన్ను నమ్ముతుంది. ఈ చిన్న నియమం తప్పిన గుంపు ఫోటోలను అతికించినట్టు ఉంటుంది.

రంగులు వేసే క్రమం గురించి మా ఇంట్లో ఒక మాట పడింది. ఒక బొమ్మను పూర్తిచేసి రెండోదాన్ని ముట్టుకోవడం నా పాత అలవాటు. అలా చేస్తే మూడో బొమ్మకు రంగు మారిపోతోంది, ఐదో బొమ్మకు నా ఓపిక మారిపోతోంది. అది చూసి మా ఆవిడ, “సకినాలు ఒక్కటి పోసి ఒక్కటి గోలిస్తమా ఏంది? అన్నీ బట్ట మీద పోసినంకనే కదా మూకుడు పెట్టేది” అంది. ఆ మాటే నా పద్ధతి అయింది. దగ్గుమందు సీసాల మూతలకు బొమ్మలను అంటించి వరుసగా పెట్టి, అందరి ఒళ్లూ ఒకసారి, అందరి తోలూ ఒకసారి, అందరి ఇనుమూ ఒకసారి. చివరివాడి దాకా వెళ్లేసరికి మొదటివాడు ఆరి సిద్ధంగా ఉంటాడు. అయితే ముందుగా ఒక ఈటెవాడిని నమూనాగా పూర్తిగా వేసుకుని, పాళ్లు నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఓకర్ 3 పాళ్లు, నలుపు 1 పాలు, తెలుపు బ్రష్ మొనంత. ఆరు నెలల తర్వాత పిల్లలు ఇంకో ఇద్దరిని చేర్చమంటే ఆ కాగితమే దిక్కు. ఎండాకాలం పళ్లెంలో రంగు నిమిషాల్లో గట్టిపడిపోతుంది కాబట్టి, టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి పెట్టి, దాని మీద బటర్ పేపర్ పరిచి కలుపుకున్నాను. బట్టల మీద వేసే రంగులను మాత్రం ఈ పనికి వాడవద్దని కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు చెబుతున్నాను. అవి రబ్బరులా సాగి సన్నని చెక్కడాలను పూడ్చేస్తాయి.

న్యాయనిర్ణేతగారికి ఒకే తీరుగా కనబడిన ఒంటి రంగులో నిజానికి మూడు ఛాయలున్నాయి. విలుకాళ్లు నలుగురికి నలుపు పాలు ఎక్కువ. ఈటెలు పట్టిన ఐదుగురికి నమూనా పాళ్లే. చురకత్తుల ముగ్గురికి ఓకర్ ఎక్కువ, కాస్త పసుపు తిరిగి ఉంటారు. విడిగా చేతిలో పట్టుకుంటే ఈ తేడా తెలియదు. పక్కపక్కన నిలబెడితే తెలుస్తుంది. ఈ మూడు ఛాయలనూ చివరికి ఒక్కటి చేసేది వాష్, అంటే నీళ్లలా పల్చన చేసిన నల్లగోధుమ రంగు. బొమ్మంతా దాన్ని పారించగానే గుంటల్లోకి దిగి మడతలను చూపిస్తుంది, పైభాగాలకు ఒకే మసక పూస్తుంది. ఎక్కువైతే పాదాల దగ్గర చెరువు నిలిచి, ఎండాక ఉప్పునీటి మరకలా వలయాలు మిగులుతాయి. నా విలుకాళ్లలో ఇద్దరి వీపుల మీద అలాంటి వలయాలున్నాయి. న్యాయనిర్ణేతగారు ఆ తప్పు ఎత్తిచూపి ఉంటే తలవంచుకునేవాడిని. ఆరాక, మా కోడలు పారేయబోయిన పౌడరు బ్రష్‌కు లేత ఓకర్ అద్ది, ముప్పాతిక వంతు రంగు గుడ్డకు తుడిచేసి, మిగిలిన ఆ పొడి తడితో చెవుల అంచులు, మోకాళ్లు, పిడికిళ్లు తాకించాను.

ఎరుపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిర్వాహకులు తీసుకెళ్లిన బొమ్మ కథ అంతా అందులోనే ఉంది. మొదట అందరికీ నడుముకు నిండు ఎరుపు పట్టీ వేశాను. వేసి, మాస్టర్ల పద్ధతిలో కళ్లు సగం మూసి దూరం నుంచి చూశాను. చూపు ఎక్కడా నిలవలేదు. పదమూడు చోట్ల నుంచి ఒకేసారి పిలిచినట్టు అయింది. ఫోన్‌లో ఫోటో తీసి రంగు తీసేసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది: ఆ ఎరుపూ ఒంటి పచ్చదనమూ ఒకే ముదురులో ఉండి, నలుపు తెలుపుల్లో అంతా ఒక బూడిద ముద్దగా కలిసిపోయింది. పట్టీలన్నిటి మీదా తోలు రంగు వేసి కప్పేశాను. మళ్లీ ఎరుపును కొలిచి పంచాను. విలుకాళ్లకు బాణం ఈక మీద ఒక చుక్క. ఈటెవాళ్లకు ఈటె మొన కింద కట్టిన పీలిక. కత్తివాళ్లకు మణికట్టు దారం. నాయకుడికి తలపాగా మొత్తం, అదీ కాస్త తెలుపు కలిపి తేలికపరిచిన ఎరుపు. మొహం కూడా మిగతావారికన్నా ఒక ఛాయ వెలుగు. వాడిని అందరికన్నా చివర వేశాను, ఎందుకంటే వాడి వెలుగు ఎంత ఉండాలో మిగతా పన్నెండుగురి మసకే నిర్ణయించాలి. ఆదివారం బొమ్మలు పటం మీద పెట్టగానే, నేనేమీ చెప్పకముందే, మా మనవడి మిత్రుడొకడు “ఎర్ర రుమాలోన్ని ముందు పట్టాలె, తక్కినోళ్లు ఉరుకుతరు” అన్నాడు. ఆ పిల్లవాడి చూపు చుక్క నుంచి పీలికకు, పీలిక నుంచి తలపాగాకు నడిచింది. నేను వేసింది ఆ దారినే. నాయకుడిని తీసుకెళ్లి వేరే బల్ల మీద పెడితే అక్కడ మిగిలింది ఎర్ర రుమాలు చుట్టుకున్న ఒక పొట్టివాడు. ఇక్కడ మిగిలింది తల లేని గుంపు. తలపాగా ఎందుకు అంత ఎర్రగా ఉందో అక్కడ చూసినవారికి తెలియదు, ఈకల మీద చుక్కలు ఎందుకున్నాయో ఇక్కడ చూసినవారికి తెలియదు.

బొమ్మల కాళ్ల కింది నేల గురించి ఎవరూ మాట్లాడలేదు గానీ, మూకను కట్టిపడేసే పనిలో సగం దానిదే. పానగల్లు వైపు వెళ్లినప్పుడు సంచిలో తెచ్చుకున్న ఎర్ర చల్క మట్టిని పాత పెనం మీద వేడిచేసి, టీ వడపోతతో జల్లించి, ఫెవికాల్ మీద చల్లాను. జల్లించకపోతే పనికిరాదు, జొన్నగింజంత రాయి ఆ బొమ్మ పక్కన మనిషి తలకాయంత బండ అవుతుంది. అక్కడక్కడ కొబ్బరిపీచుతో ఎండుగడ్డి. బొమ్మ నిలబడే దిమ్మె అంచు అందరికీ నలుపే. పిల్లల వీరుల బొమ్మలకు మాత్రం బూడిదరంగు రాతిపలకల నేల వేశాను, కాబట్టి కొట్లాటలో అందరూ కలిసిపోయినా ఎవరు ఎటువాళ్లో పాదాల దగ్గరే తెలిసిపోతుంది. దిమ్మె వెనక అంచున ప్రతివాడికీ తెల్లచుక్కలతో సంఖ్య ఉంది. ఎవడికి ఎంత ప్రాణం మిగిలిందో కథ నడిపేవాడు రాసుకోవడానికి అది. పైన మెరుపు లేని వార్నిష్, పిల్లల చేతుల చెమటకు తట్టుకోవడానికి.

న్యాయనిర్ణేతగారి మీద నాకు కోపం లేదు. ఒక్క బొమ్మ మీద వారాల తరబడి కూర్చుని, కనుపాపలో వెలుగుచుక్క దాకా వేసే కళ వేరే ఉంది, దానికి వారు పెట్టిన కొలత సరైనదే. ఆ కొలతతో గుంపును కొలవడం మాత్రం కోలాటంలో ఒకరిని ఆపి, నీ అడుగు పక్కవాడి అడుగులాగే ఉందేమని అడగడం లాంటిది. వచ్చేసారి అలాంటి ప్రదర్శన పెట్టేవారు గుంపు బొమ్మలను విడి విభాగంగా తీసుకోవాలని, వాటిని బల్ల మీద కలిపే ఉంచి, ముందు నిలబడి చూసి, ఆ తర్వాతే చేతిలోకి తీసుకోవాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. వెలుతురు కూడా ఒకవైపు నుంచి ఉంటే మంచిది. మొన్నటి హాలులో రెండువైపులా ట్యూబులైట్లు వెలిగి, నేను వేసిన నీడలను సగం తినేశాయి.

మీకు వీలైతే ‘గోబ్లిన్ మూక, 13 బొమ్మలు’ అని ఒక చిన్న సవరణ వేయగలరు. అందరూ కలిసి ఉన్న ఫోటో జతచేస్తున్నాను. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే పైనుంచి కత్తిరించండి గానీ కుడివైపు వద్దు. కుడి చివర ఉన్నవాడు నాయకుడు కాదు, వీపు మీద మరక ఉన్న విలుకాడే. కానీ వాడు పోతే లెక్క మళ్లీ 12కు వస్తుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
నల్లగొండ